కీబోర్డు నొక్కులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్: మధురవాడ ఆఫీసులో వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగుల కంప్యూటర్లలో కూర్చుని ఎవరు ఎంతసేపు పనిచేశారో శాతాల్లో చూపించే సాఫ్ట్‌వేర్ ఏదైనా మీ ఆఫీసుకి తీసుకుందామనుకుంటుంటే, డబ్బు కట్టకముందే ఇది ఒకసారి చదవండి. ఐదు స్టార్లకి నేనిచ్చేది రెండు. ఆ రెండూ ఎందుకిచ్చానో, మిగతా మూడూ ఎందుకివ్వలేకపోయానో చెప్తాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే కొనేముందు మేం డెమో చూసినవన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి, స్క్రీన్ మీద రంగులూ బటన్లూ మారతాయంతే, కాబట్టి నా గొడవ ఏ ఒక్క కంపెనీతోనో కాదు, పనిని కొలిచే ఆ పద్ధతితోనే.

మాది చిన్న మెడికల్ బిల్లింగ్ ఆఫీసు. వైజాగ్‌లో ఐటీ అనగానే అందరికీ ఋషికొండ మీద పెద్ద కంపెనీల బోర్డులే గుర్తొస్తాయి గానీ మధురవాడలో, పీఎం పాలెంలో, ఇటు సిరిపురంలో పైఅంతస్తుల్లో మాలాంటి ఆఫీసులు ఉన్నాయి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి డిగ్రీ చేసి వచ్చిన పిల్లలకి మొదటి ఉద్యోగం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. అమెరికాలో డాక్టర్ పేషెంటుని చూస్తాడు, ఆ బిల్లు (మా భాషలో క్లెయిమ్) ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తుంది, వాళ్ళు ఏదో కారణం చెప్పి తిప్పికొడతారు. ఎందుకు తిప్పికొట్టారో కనుక్కుని, సరిచేసి, మళ్ళీ పంపి డబ్బు రాబట్టడం మా పని. మేం దీన్ని ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావాల్సిన డబ్బు) అంటాం. అమెరికా టైమ్ కాబట్టి రాత్రి షిఫ్టు. నేను టీమ్ లీడ్‌ని.

కొనడానికి కారణం ఇంటి నుంచి పని. కొంతమందికి వారంలో కొన్ని రోజులు ఇంటి దగ్గరే చేసుకోమని చెప్పాక మా సార్‌కి నిద్ర పట్టలేదు. ఆయన్ని తప్పుపట్టను, జీతాలు ఒకటో తారీఖుకి వేసే మనిషి, క్లయింటు ఫోన్ చేసి మీవాళ్ళు పనిచేస్తున్నారా అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. ఈ భయం ఆయనొక్కడిదే కూడా కాదు. మైక్రోసాఫ్ట్ 2022లో 11 దేశాల్లో 20,000 మందిని అడిగితే, మేం బాగానే పనిచేస్తున్నాం అన్న ఉద్యోగులు 87 శాతం, మావాళ్ళు నిజంగా పనిచేస్తున్నారని పూర్తి నమ్మకం ఉందన్న పైవాళ్ళు 12 శాతం. ఆ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలోనే ఈ సాఫ్ట్‌వేర్‌ల వ్యాపారం అంతా నడుస్తోంది.

పనిచేసే తీరు చెప్తాను. ప్రతి కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రామ్ వేస్తారు. కీబోర్డు ఎన్నిసార్లు నొక్కారు, మౌస్ ఎంత కదిలింది, ఏ విండో ఎంతసేపు తెరిచి ఉంది, ఇవన్నీ రాసుకుంటుంది. ఐదు నిమిషాలు ఏ కదలికా లేకపోతే ఐడిల్, అంటే ఖాళీగా ఉన్నట్టు, లెక్క వేస్తుంది (ఈ నిమిషాలు మార్చుకోవచ్చు). మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్ తీస్తుంది. మనం ముందే ఏ వెబ్‌సైట్ పనికి సంబంధించింది, ఏది కాదు అని విభజించి పెడితే, షిఫ్టు అయ్యాక ఒక్కొక్కరికి ఒక శాతం వస్తుంది, పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో. ఇన్‌స్టాల్ చేయడం తేలిక, కంప్యూటర్లు స్లో అవ్వలేదు, సపోర్ట్‌వాళ్ళు మర్యాదగా జవాబిస్తారు. సాఫ్ట్‌వేర్‌గా చూస్తే దాన్ని బాగానే కట్టారు.

మొదట్లో స్కోర్లు గబగబా పెరిగాయి. స్క్రీన్ నిండా పచ్చరంగు. మా సార్ సంతోషపడ్డారు, క్లయింటుకి రిపోర్టు పంపారు. నెలాఖరున కలెక్షన్ చూస్తే ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. అంతకన్నా నన్ను భయపెట్టింది తొంభై రోజులు దాటిన క్లెయిముల కుప్ప, అది తగ్గకపోగా కాస్త పెరిగింది. అందరూ ఇంతకుముందుకన్నా ఎక్కువ పనిచేస్తున్నట్టు కనిపిస్తుంటే, డబ్బు మాత్రం ఎందుకు రావడం లేదు?

నోట్స్ తీసి ఒక్కొక్కటే చదివితే అర్థమైంది. మా పనిలో క్లెయిమ్‌ని టచ్ చేయడం అని ఒక మాట ఉంది. క్లెయిమ్ తెరుస్తావు, ఇన్సూరెన్స్ పోర్టల్‌లో స్టేటస్ చూస్తావు, 'ప్రాసెస్‌లో ఉంది, పదిహేను రోజుల తర్వాత ఫాలోఅప్' అని నోట్ రాస్తావు, మూసేస్తావు, ఇంకోటి తెరుస్తావు. ఇలా చేస్తుంటే కీబోర్డు ఆగదు, మౌస్ ఆగదు, విండోలు మారుతూనే ఉంటాయి. స్కోర్ తొంభై దాటుతుంది. క్లెయిమ్ మాత్రం అక్కడే ఉంటుంది. పైగా మా లైన్‌లో ఇది నష్టం తేని కాలక్షేపం కాదు. బిల్లు పంపడానికి గడువు ఉంటుంది, మెడికేర్ (అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా పెద్దవయసువాళ్ళకిచ్చే ఇన్సూరెన్స్) అయితే వైద్యం చేసిన తేదీ నుంచి ఏడాది, ప్రైవేటు ఇన్సూరెన్స్‌లలో కొన్నిటికి తొంభై రోజులే. ఆ గడువు దాటితే సీఓ 29 అని, ఆలస్యమైందని తిప్పికొట్టే కోడ్ వస్తుంది, ఆపైన ఆ డబ్బు రాబట్టడం దాదాపు అయ్యే పని కాదు. చక్కగా ఫాలోఅప్ నోట్లు రాసి పెట్టిన క్లెయిములు కొన్ని మా దగ్గర అలాగే పోయాయి.

ఆ నెలలో మా టీమ్‌లో స్కోర్ అందరికన్నా పైన ఉన్న కుర్రాడు మోసగాడేం కాదు, చాలా మంచివాడు, కష్టజీవి. ఆఫీసు దేనికి మార్కులు వేస్తోందో అది చేశాడు, అంతే. అడుగున ఉన్న అమ్మాయిది పార్వతీపురం. తన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రివ్యూ రాయాలనిపించింది తన వల్లే.

ఒక ఎముకల డాక్టర్ క్లినిక్ నుంచి వచ్చే బిల్లులు నెలల తరబడి ఒకే కారణంతో తిరిగొస్తున్నాయి. పేషెంటు మోకాలి నొప్పితో వెళ్తాడు, డాక్టర్ పరీక్ష చేస్తాడు, అదే రోజు మోకాలికి ఇంజెక్షన్ కూడా ఇస్తాడు. పరీక్షకి ఒక కోడ్, ఇంజెక్షన్‌కి ఇంకో కోడ్. ఇన్సూరెన్స్‌వాళ్ళు ఇంజెక్షన్‌కి డబ్బిచ్చి, పరీక్ష అందులోనే కలిసిపోయింది పొమ్మని సీఓ 97 పెట్టి తిప్పి పంపుతారు. మిగతావాళ్ళు ఒక్కో క్లెయిమ్‌కీ ఫోన్ చేసి, నోట్ రాసి, పక్కన పెడుతున్నారు. ఈ అమ్మాయి ఒకరోజు ఆ ఇన్సూరెన్స్ కంపెనీ పేమెంట్ పాలసీ తెరిచి కూర్చుంది. అది పెద్ద డాక్యుమెంటు. పేజీ తిప్పడం, ఆగడం, కాగితం మీద పెన్నుతో రాసుకోవడం. తర్వాత డెస్క్ మీద ఉన్న ఫోన్ తీసి వాళ్ళకే కాల్ చేసింది, ఆ హోల్డ్ మ్యూజిక్ మాకందరికీ తెలుసు, అరగంట దాటినా మనిషి లైన్‌లోకి రాడు. చివరికి తేలింది ఏంటంటే, డాక్టర్ చేసిన పరీక్ష ఇంజెక్షన్‌కి సంబంధం లేకుండా విడిగా చెప్పుకోదగ్గది అయితే దాని కోడ్ చివర మాడిఫైయర్ 25 అనే గుర్తు తగిలించి పంపాలి, ఆ క్లినిక్ బిల్లింగ్ టెంప్లేట్‌లో అది పెట్టే చోటే లేదు. అన్నిటికీ గుడ్డిగా 25 తగిలించేస్తే అది తప్పుడు బిల్లింగ్ అవుతుంది కాబట్టి, పాత క్లెయిములకి డాక్టర్ రాసిన నోట్స్ ఒక్కొక్కటీ చదివి, ఏవి నిజంగా అర్హమో అవే వేరు చేసింది. క్లినిక్‌కి మెయిల్ పెట్టించి టెంప్లేట్ మార్పించాం. ఆ తర్వాత అక్కడి నుంచి ఆ కారణంతో బిల్లులు తిరిగిరావడం దాదాపు ఆగిపోయింది.

ఆ వారం ఆ అమ్మాయి స్కోర్ ఎరుపు. పాలసీ చదివిన సమయం ఐడిల్. ఫోన్‌లో ఉన్న సమయం ఐడిల్. కాగితం మీద రాసుకున్నది దానికి కనిపించదు. ఆదివారం తనకి ఆటోమేటిక్‌గా ఒక మెయిల్ వెళ్ళింది, మీ పనితీరు టీమ్ సగటు కన్నా తక్కువగా ఉంది అని. తను నా దగ్గరకొచ్చి ఫోన్ స్క్రీన్ చూపించి, "ఇదేటక్కా, చదవడం పని కాదా?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఇంటికి డబ్బు పంపే పిల్ల, ఉద్యోగం పోతుందేమోనని ఆదివారం రాత్రంతా టెన్షన్‌తో గడిపానని చెప్పింది. నేను ఆ మెయిల్ ప్రింట్ తీసి, పక్కన ఆ క్లినిక్ కలెక్షన్ రిపోర్టు పెట్టి మా సార్ టేబుల్ మీద ఉంచాను.

ఇక్కడ సపోర్ట్‌వాళ్ళతో నా సంభాషణ కూడా రాయాలి. ఫోన్ కాల్స్, చదవడం, ఒకరికొకరు నేర్పుకోవడం, వీటిని పని కింద ఎలా లెక్కవేయాలి అని అడిగాను. మాన్యువల్ టైమ్ అని ఒక సదుపాయం ఉంది, ఉద్యోగి ఆ సమయం రాసి పంపితే మేనేజర్ ఒప్పుకోవాలి అన్నారు. సరేనని మొదలుపెట్టాం. షిఫ్టులో సగం సేపు నేను చేసింది అదే, ఇరవై నిమిషాలు కాల్, ఓకే, పదిహేను నిమిషాలు చర్చ, ఓకే. నేను చూడాల్సిన క్లిష్టమైన క్లెయిములు ఆగిపోయాయి, నా స్కోర్ మాత్రం టీమ్‌లో అందరికన్నా బాగుంది. పీఎం పాలెంలో వాన పడి నెట్ పోయినప్పుడు ఇంటి నుంచి చేసేవాళ్ళందరికీ ఇదే తంతు, నెట్ లేని గంటకి సంజాయిషీ రాయడం.

దొంగదారులు ఎలాగూ పుట్టుకొస్తాయి. ముల్లు తిరిగే చేతి గడియారం మీద ఆప్టికల్ మౌస్ పెడితే కర్సర్ కదులుతూనే ఉంటుందని ఎవరో ఎక్కడో చూసి వచ్చి చెప్పారు. మౌస్‌ని ఊరికే కదిలిస్తూ ఉండే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇది మన దగ్గరే అనుకోకండి, అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో, కీబోర్డు పనిచేస్తున్నట్టు నటింపజేశారని డజనుకి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. అది తప్పే, నేను సమర్థించను. కానీ మనం కొలిచేది కదలికని అయినప్పుడు జనం మనకి కదలికనే తెచ్చి ఇస్తారు. ఇంగ్లండ్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి ఇలాంటి మాటే చెప్పారు, ఒక లెక్కని పట్టుకుని దాంతోనే అందర్నీ అదుపు చేయాలని చూస్తే, అప్పటిదాకా నమ్మకంగా పనికొచ్చిన ఆ లెక్క చెడిపోతుందని.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ దొంగదారులు కాదు, ఆఫీసు నిశ్శబ్దమైపోవడం. ముందు కొత్తగా చేరిన పిల్లలు కుర్చీ వెనక్కి తిప్పి పక్కవాళ్ళని అడిగేవాళ్ళు, అన్నా ఈ డినయల్ ఏంటి, అక్కా ఈ ఇన్సూరెన్స్‌కి అప్పీల్ ఎలా వేయాలి అని. రాత్రి ఒంటిగంటకి కింద టీ బండి దగ్గర నిలబడి మాట్లాడుకునేవి సగం పని మాటలే, రెండు కప్పుల టీలో తేలిపోయిన క్లెయిములు నాకు తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక టీకి వెళ్ళేవాళ్ళు తగ్గారు, వెళ్ళినా ఐదో నిమిషం లోపల మెట్లెక్కేసేవాళ్ళు. ఎవరినైనా అడగాలంటే వాళ్ళ స్కోర్ కూడా పోతుందని మొహమాటం. తెలియనివాడు తెలియకుండానే క్లెయిముల మీద క్లెయిములు టచ్ చేసుకుంటూ పోతున్నాడు.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేశారు. మా ఇంట్లో ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అన్నవి వారాల పేర్లకన్నా ముందు నేర్చుకున్నాం. అక్కడి బ్లాస్ట్ ఫర్నెస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు, మొదటిది 1990లో మొదలైంది. ఫర్నెస్ సరిగ్గా నడుస్తుంటే కంట్రోల్ రూమ్‌లో మనిషి చేసేది చూడటం, వినడం, ఏదైనా తేడా వస్తుందేమో కనిపెట్టుకుని ఉండటం. ఎన్నిసార్లు బటన్ నొక్కావయ్యా అని అక్కడ ఎవరూ అడగరు, ఎన్ని టన్నుల హాట్ మెటల్ (కరిగిన ఇనుము) వచ్చింది, ఆగకుండా వచ్చిందా అని అడుగుతారు. కంట్రోల్ రూమ్‌లో అందరూ పరుగులు పెడుతున్నారంటే ఏదో పాడైందని అర్థం అని నాన్న ఇప్పటికీ అంటారు. మా సార్‌కి నేను చెప్పింది కూడా ఇదే. ఆయన స్టీల్ ప్లాంట్ పక్కనే ఉన్న గాజువాకలో పెరిగిన మనిషి, ఇంకేం వివరించక్కర్లేకపోయింది.

ఇక ఇచ్చిన రెండు స్టార్ల సంగతి. మొదటిది, కొన్ని విషయాలు ఇది చూపించకపోతే మాకు తెలిసేవి కావు. క్లయింటు రిమోట్ డెస్క్‌టాప్ తెరుచుకోడానికే షిఫ్టులో ఎంత సమయం పోతోందో అంకెలతో కనిపించింది, ఆ రిపోర్టు పంపితే వాళ్ళు సర్వర్ మార్చారు. ఎన్నాళ్ళుగానో నోటితో చెప్తుంటే వినలేదు. రెండోది, ఒకతను షిఫ్టు అయిపోయాక కూడా రోజూ కూర్చుని పనిచేస్తున్నాడని, అడిగితే ఏం లేదనేవాడని బయటపడింది. అతని మీద పడ్డ క్లెయిములే అందరికన్నా మొండివి. పంపకం మార్చాం. ఎవరు కష్టంలో ఉన్నారో కనిపెట్టడానికి వాడితే ఇది మంచి పనిముట్టు, ఎవరు దొంగో పట్టుకోడానికి వాడితే అందరూ దొంగల్లాగే కనిపిస్తారు.

స్క్రీన్‌షాట్ల గురించి మా లైన్‌వాళ్ళకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మన స్క్రీన్ మీద ఉండేది పేషెంటు పేరు, పుట్టినతేదీ, రోగం. పేషెంటు సమాచారాన్ని కాపాడే హిపా చట్టం అమెరికాలో 1996 నుంచి ఉంది. స్క్రీన్‌షాట్ తీశారంటే ఆ సమాచారం మూడో కంపెనీ సర్వర్‌లోకి వెళ్తున్నట్టే, అంటే ఆ సమాచారాన్ని కాపాడతామని వాళ్ళు రాసిచ్చే బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ ఉండాలి. డెమో ఇచ్చిన అమ్మకందార్లలో ఒక్కరూ ఈ మాట తమంతట తాము ఎత్తలేదు. మేం అడిగి, జవాబు తృప్తిగా లేక, స్క్రీన్‌షాట్లు పూర్తిగా ఆపేశాం. పెద్ద కంపెనీలు కూడా ఈ విషయంలో వెనక్కి తగ్గాయి, మైక్రోసాఫ్ట్ 2020లో తెచ్చిన ప్రొడక్టివిటీ స్కోర్‌లో ఒక్కో ఉద్యోగి పేరూ కనిపించేది, విమర్శలు రాగానే అదే ఏడాది డిసెంబరులో పేర్లు తీసేశారు.

ఇప్పుడు మేం చూసేవి వేరు. తొంభై రోజులు దాటిన కుప్ప తగ్గిందా, తిరిగొచ్చిన కారణమే మళ్ళీ తిరిగొస్తోందా, మొదటిసారి పంపినప్పుడే ఎన్ని బిల్లులు పాసయ్యాయి, ఎంత డబ్బు వచ్చింది. గోడ మీద వైట్‌బోర్డు, వారానికోసారి రాస్తాం. దీనిలోనూ లోపం ఉంది, వచ్చిన డబ్బు ఒక్కటే చూస్తే చిన్న మొత్తాల క్లెయిములు ఎవరూ ముట్టరు, కొన్ని ఇన్సూరెన్స్‌లు స్వభావంగానే మొండివి కాబట్టి అవి పడ్డవాడు నష్టపోతాడు. అందుకే పేర్లు రాయం, టీమ్ మొత్తానికి రాస్తాం, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడతాం. నాకు దీనివల్ల పని పెరిగింది, అయినా ఇది చేయదగ్గ పని.

కొనాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ట్రయల్ ఇస్తారు కదా, దాన్ని మీ ఆఫీసులో చేతకానివాణ్ణి పట్టుకోడానికి వాడకండి. మీ దగ్గర అందరికన్నా నమ్మకమైన మనిషి ఎవరో, ఆ మనిషి లేకపోతే ఆఫీసు ఆగిపోతుందని మీకు ఎవరి గురించి అనిపిస్తుందో, వాళ్ళ స్కోర్ ఎంతొస్తుందో చూడండి. పసుపో ఎరుపో వస్తే డబ్బు కట్టకండి.

మేం ఈసారి రెన్యువల్‌లో స్కోర్లు, స్క్రీన్‌షాట్లు ఉన్న ప్లాన్ వదిలేసి, లాగిన్ సమయాలు మాత్రం చూపించే చిన్న ప్లాన్ తీసుకున్నాం. మనిషికి నెలకి కట్టేది బాగా తగ్గింది. మిగిలిన డబ్బుతో డెస్క్ ఫోన్లకి మంచి హెడ్‌సెట్లు కొనమని అడిగాను, సార్ సరేనన్నారు, ఆర్డర్ పెట్టేశాం.